రెండో పెట్టె

పెళ్ళివారింట పాటకచ్చేరీ పెడితే జనం పాడే మనిషిని చూస్తారు. కాస్త సరదా ఉన్నవాళ్ళు డ్రమ్ములు వాయించేవాణ్ణి చూస్తారు. వెనకాల స్తంభం పక్కన నిలబడి నాలుగు లావుపాటి తీగెల గిటారు వాయించే మనిషిని మాత్రం ఎవరూ చూడరు. ఆ వాద్యం పేరు బాస్ గిటారు. అది మోగుతున్నంతసేపూ ఉన్నట్టే తెలియదు. ఆపేస్తే మటుకు, "ఏమిటో, పాట చప్పబడిపోయిందే!" అంటారు. పప్పులో ఉప్పులాంటిదన్నమాట.

మా మేనకోడలు వాయించేది సరిగ్గా ఆ వాద్యమే.

పగలు ఒక స్కూల్లో పిల్లలకి పాటలు నేర్పుతుంది. సాయంత్రాలూ, ముహూర్తాల రోజులూ ఐదుగురి బృందంలో బాస్ వాయిస్తుంది. వాళ్ళ నాన్న పోయి ఆరేళ్ళయింది. స్కూలు జీతం ఇంటద్దెకీ పచారీ సామానుకీ సరిపోతుంది. తమ్ముడి కాలేజీ ఫీజు మాత్రం ఈ నాలుగు తీగెల మీదనే నడుస్తున్నది. మా చెల్లెలికి ఇది బొత్తిగా ఇష్టం లేదు. "శుభ్రంగా వీణ నేర్చుకోవే అంటే విన్నదా? మగాళ్ళ మధ్య ఆ గునపంలాంటి గిటారు పట్టుకుని నిలబడుతుంది" అని నా దగ్గర వాపోతూనే ఉంటుంది. ఫీజు కట్టే రోజున మాత్రం ఆ మాట అనదు.

పోయిన కార్తీకంలో మూడు పెళ్ళిళ్ళు వరసగా ఆరుబయట పందిళ్ళలో పడ్డాయి. మూడింట్లోనూ బాస్ వినిపించలేదు. మూడోనాడు బృందం నడిపే మాస్టారు సామాన్లు సర్దుతూ, "అమ్మా, మాఘమాసం ముహూర్తాల్లోగా ఏదో దారి చూసుకో. లేకపోతే కీబోర్డు కుర్రాడి ఎడమచేత్తో లాగించేస్తాం. వినపడని వాద్యానికి వాటా ఎలా ఇవ్వను చెప్పు?" అన్నాడట. చెడ్డమనిషి కాడాయన. లెక్క తెలిసిన మనిషి. కీబోర్డులో ఎడమచెయ్యి నొక్కితే బాస్ స్వరాలు వస్తాయన్నది నిజమే. ఒక వాటా మిగులుతుందన్నదీ నిజమే.

మర్నాడు పొద్దున్నే పిల్ల మా ఇంటికొచ్చింది. "మావయ్యా, నువ్వు ముప్ఫయినాలుగేళ్ళు కరెంటాఫీసులో పనిచేశావు గదా. నా పెట్టెకి ఏమొచ్చిందో చూడు" అంది. నాకు షడ్జమానికీ పంచమానికీ తేడా తెలియదు. అయినా తీగెల్లో కరెంటు ఎటు నడుస్తుందో చెప్పగలను గనక బయలుదేరాను.

పెట్టెకి ఏమీ రాలేదు. లక్షణంగా ఉంది. దాన్ని కాంబో అంటారు. యాంప్లిఫయరూ స్పీకరూ ఒకే చెక్కపెట్టెలో ఉంటాయి. పన్నెండంగుళాల స్పీకరు ఒకటి, దానిపైన మీటల వరస. వాళ్ళింటి ముందుగదిలో ఆ పిల్ల తీగె మీటితే అల్మారాలో గ్లాసులు గలగలమన్నాయి. "ఇంత మోగేది పందిట్లో ఎందుకు మూగబోయింది?" అన్నది ప్రశ్న.

జవాబు పెట్టెలో లేదు, గోడల్లో ఉంది. బాస్ గిటారు నాలుగో తీగె విడిగా మోగితే సెకనుకి 41 సార్లు కంపిస్తుంది. మామూలు గిటారు అడుగు తీగె 82 సార్లు. 41 కంపనాల ధ్వనికి ఒక్కొక్క అల పొడవు ఎనిమిది మీటర్ల పైమాట, అంటే మన వీధి అరుగు మీంచి ఎదురింటి వంటింటి దాకా. అలాంటి అల చిన్నగదిలో గోడలకి కొట్టుకుని, మూలల్లో పోగుపడి, ఉన్నదానికంటే ఎక్కువగా వినిపిస్తుంది. పందిట్లో గోడలు లేవు. నాలుగువైపులకీ పోతుంది, పోయినది తిరిగిరాదు. దానికి తోడు మన చెవి. మనిషి చెవికి సన్నధ్వనులు తేలిగ్గా వినపడతాయి గాని, లావుధ్వనులు గట్టిగా ఉంటేగాని ఎక్కవు. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు 1933 లోనే దీన్ని కొలిచి గీతలు గీసి చూపించారు. అంచేత గిటారు కుర్రాడు యాభై వాట్లతో ఊరంతా వినిపిస్తుంటే, పక్కన మూడువందల వాట్ల పెట్టె పెట్టుకున్న బాస్ వాళ్ళు వెలవెలబోతుంటారు. ఇందులో అన్యాయం ఉన్నదంటే అది దేవుడు చెవిని చేసినప్పుడు జరిగిన అన్యాయం.

ఈ ఇబ్బంది కొత్తదేమీ కాదు. అమెరికాలో లియో ఫెండర్ 1951 లో ప్రెసిషన్ బాస్ అనే గిటారు అమ్మకానికి పెట్టాడు. మరుసటేడే దానికోసమని బాస్‌మన్ అనే కాంబో పెట్టాడు. అందులో పదిహేనంగుళాల స్పీకరు ఒక్కటే. తర్వాత దాన్ని మార్చి పదంగుళాలవి నాలుగు పెట్టాడు. తీరా చూస్తే దాన్ని మామూలు గిటారు వాయించేవాళ్ళు ఎగరేసుకుపోయారు. లండన్‌లో జిమ్ మార్షల్ 1962 లో తన మొదటి యాంప్లిఫయరు తయారుచేసినప్పుడు నమూనాగా పెట్టుకున్నది కూడా ఈ బాస్‌మన్నే. బాస్ కోసం పుట్టిన పెట్టె గిటారు యాంప్లిఫయర్లకి తాతగారయింది. బాస్ వాయించేవాళ్ళ అదృష్టం మొదటినుంచీ అలాగే ఉంది!

వాళ్ళని నిజంగా ఆదుకున్నది ఆంపెగ్ కంపెనీ. ఎవరెట్ హల్ అనే ఆయన నిలువెత్తు ఫిడేలులాంటి పాతకాలపు బాస్ వాయించేవాడు. దాని కింద నేలకాన్చే మేకు ఉంటుంది, అందులో మైకు అమర్చాడు. మేకుని ఇంగ్లీషులో పెగ్ అంటారు గనక యాంప్లిఫై చేసిన పెగ్ కాస్తా ఆంపెగ్ అయింది. ఆ కంపెనీ 1960 లో బి-15 అనే పెట్టె తీసింది. వాయించడం అయిపోగానే పైనున్న యాంప్లిఫయరు తలకిందులుగా పెట్టెలోకి దిగిపోతుంది, వెంట తీసుకుపోవడానికి వీలుగా. డిట్రాయిట్‌లో మోటౌన్ పాటలకి బాస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ వాడిన పెట్టె అదే. 1969 లో మళ్ళీ వాళ్ళే ఎస్‌వీటీ అని 300 వాట్ల వాల్వుల యాంప్లిఫయరు తెచ్చారు. అది నలభై కిలోల దరిదాపు బరువు. దాని కింద పదంగుళాల స్పీకర్లు ఎనిమిదేసి ఉన్న బీరువాల్లాంటి పెట్టెలు. మోసేవాడి నడుము సంగతి కంపెనీ వారు ఆలోచించినట్టు లేదు.

మన పిల్లకి బీరువా కుదరదు. వాళ్ళుండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. కిందికి దిగాక ఆటో. కాంబోని మా వీధి పాతసామాన్ల దుకాణం కాటా మీద పెట్టించాను. పదిహేడు కిలోలు తూగింది. ఈ రోజుల్లో తేలిక అయస్కాంతాలూ, డి క్లాసు అనే కొత్తరకం యాంప్లిఫయర్లూ వచ్చాయి గనక ఆ మాత్రంలో ఉంది. వెనకటి రోజుల్లోనైతే దానికి రెండింతలుండేది.

ఇక డబ్బు. ఫీజు పోను పిల్ల కూడబెట్టుకున్నది 45 వేలు. అది పోతే వెనకాల మరేం లేదు. అందుకని కొన్నది తప్పడానికి వీల్లేదు.

"పెద్ద కాంబో ఒకటి కొనేస్తే?" అన్నాను. చూశాం. అవి లక్షకి అటూ ఇటూ ఉన్నాయి. ఉన్నది అమ్మితే సగం ధర రాదు. అప్పుడు పెట్టెని వెనక్కి తిప్పి చూశాను. వెనకాల అట్టముక్కంత లోహపు రేకు మీద సన్నటి అక్షరాలు. వాయించేవాళ్ళు ముందున్న మీటలు చూస్తారు. నాలాంటివాళ్ళు వెనకున్న రేకు చూస్తారు. దానిమీద మూడు సంగతులున్నాయి. లోపలి స్పీకరు 8 ఓములు. 4 ఓముల దగ్గర 500 వాట్లు. భారం 4 ఓములకి తగ్గరాదు. పక్కన బయటి స్పీకరు తగిలించుకోవడానికి ఒక రంధ్రం. అది ఇన్నాళ్ళూ దుమ్ము పట్టి ఉంది.

"అమ్మాయ్, నీ యాంప్లిఫయరు ఇన్నాళ్ళూ సగం పైచిలుకు బలంతోనే పనిచేస్తున్నది" అన్నాను.

ఇక్కడ ఓము సంగతి కొంచెం చెప్పాలి. మేమిద్దరం "నాలుగు ఓములు, ఎనిమిది ఓములు" అనుకుంటుంటే మా చెల్లెలు వంటింట్లోంచి వచ్చి, "ఏం అన్నయ్యా, ఏదైనా హోమం చేయిస్తున్నావా?" అంది. ఓము అంటే కరెంటు ప్రవాహానికి అడ్డం. మన కృష్ణ కాలవలు చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా బోధపడుతుంది. యాంప్లిఫయరు కాలవ, స్పీకరు తూము అనుకోండి. 8 ఓముల స్పీకరు సన్నతూము, 4 ఓములది దానికి రెండింతల వెడల్పు తూము. ఒకే కాలవకి పక్కపక్కన రెండు సన్నతూములు పెడితే ఒక వెడల్పు తూముతో సమానం. అంటే 8 కి 8 జతచేస్తే మొత్తం 16 అవదు, 4 అవుతుంది. నీళ్ళు ఎక్కువ పారతాయి, యాంప్లిఫయరు తన 500 వాట్లూ ఇస్తుంది. 8 పక్కన 4 పెట్టామనుకోండి, మొత్తం 2.67 అవుతుంది. కాలవకి అంత శక్తి లేదు, గట్టు తెగుతుంది. మంచి యాంప్లిఫయరైతే తనంతట తాను ఆగిపోతుంది. నాసిరకమైతే పొగ వస్తుంది. పెళ్ళి మధ్యలో ఏదైనా ఒకటే.

తెలిసిన సంగతేగదా అని దుకాణానికి వెళ్ళాం. ఊరు చెప్పను, పేరూ చెప్పను. అక్కడ కుర్రవాడు చురుకైనవాడే. మేం కాంబో పేరు చెప్పగానే నల్లటి పెట్టె ఒకటి తెచ్చి, "ఇది తీసుకోండి సార్, ఫోర్ ఓమ్స్. ఎయిట్ కంటే సౌండ్ ఎక్కువ" అన్నాడు.

"దీనితో మా కాంబో మొత్తం ఎన్ని ఓములవుతుంది బాబూ?"

"ఫోరే సార్. దీనిమీద రాసుంది గదా."

"లోపలిది కూడా మోగుతూ ఉంటుంది గదా?"

"అవును సార్, రెండూ మోగుతాయి. అందుకే సౌండ్ ఎక్కువ."

పిల్ల నా చొక్కా లాగింది. పాపం, ఆ కుర్రవాడు చెప్పింది మొత్తం అబద్ధం కాదు. లోపల స్పీకరు లేని యాంప్లిఫయరుకి ఆ 4 ఓముల పెట్టె ఒక్కటే తగిలిస్తే 8 కంటే ఎక్కువ మోగేమాట నిజమే. కొన్ని కాంబోలకి 2.67 ఓములైనా తట్టుకునే శక్తి ఉంటుంది. మరికొన్నిటికి లోపలి స్పీకరే 4 ఓములది. వాటికి బయట ఏదీ తగిలించకూడదు, లేదా లోపలిది విప్పేసి తగిలించాలి. ఇదంతా వెనక రేకు చదివితేనే తెలుస్తుంది. కొనబోయే పెట్టె మంచి చెడ్డలకంటే ముందు మన దగ్గరున్నదాని వెనక ఏం రాసుందో చూడాలి.

మరో పదిరోజులకి పిల్ల స్కూలుకి సెలవు పెడితే పినాకినీ ఎక్కి మద్రాసు వెళ్ళాం. చెన్నై అనాలి గాని మా తరం నోరు తిరగదు. అక్కడ రెండు మూడు దుకాణాల్లో రకరకాల పెట్టెలు పెట్టారు. కాంబోని వెంట మోసుకుపోయాం. రైల్లో పక్క సీటాయన లోపల మిక్సీ ఉందా అని అడిగాడు.

ఒక దుకాణంలో పెద్దాయన పదిహేనంగుళాల స్పీకరు పెట్టె చూపించాడు. 8 ఓములే, లెక్క కుదిరింది. "పైన మీ పన్నెండు, కింద ఈ పదిహేను. పన్నెండుకి చురుకు, పదిహేనుకి లోతు. రెండూ ఉంటాయి" అన్నాడు. వినడానికి ఎంత బాగుందో! పిల్లకి కళ్ళు మెరిశాయి. వాయించి చూసింది. కొన్ని స్వరాలు ఫిరంగిలా మోగాయి, కొన్ని ఉన్నట్టుండి మాయమైపోయాయి. నాలుగో తీగె మీద ఐదో మెట్టు దగ్గర బాగుంది, రెండు మెట్లు పైకి పోయేసరికి సన్నబడింది. పిల్ల మళ్ళీ మళ్ళీ అక్కడే మీటి చూస్తున్నది.

దీనికి కారణం ఉంది. రెండు పెట్టెలు రెండురకాలుగా కట్టినవైతే, ఒకే స్వరానికి ఒకదాని అట్ట ముందుకొస్తున్నప్పుడు రెండోది కొంచెం వెనకబడవచ్చు. ఒకటి గాలిని నెడుతుంటే ఒకటి లాగుతుంది. రెండూ కలిసి ఆ స్వరాన్ని మింగేస్తాయి. ఏ స్వరం పోతుందో పైకి చూసి చెప్పలేం. అదీగాక రెండూ 8 ఓములే గనక వాట్లు చెరిసగం పంచుకుంటాయి. అందులో బలహీనమైనది ఎక్కడ అలిసిపోతే జత మొత్తం అక్కడ ఆగాల్సిందే. ఇక అంగుళాన్నిబట్టి లోతు అన్నది సగం అపోహ. పెట్టె ఘనపరిమాణం ఎంత, గాలి పోవడానికి పెట్టిన గొట్టం కొలత ఎంత, స్పీకరు ఎంత బిగుతు అన్నవి అంతకంటే ముఖ్యం. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961 లో ఈ లెక్కలు వేసి చూపించాడు, తర్వాత పదేళ్ళకి రిచర్డ్ స్మాల్ వాటిని పూర్తిచేశాడు. పదంగుళాల స్పీకర్లు బాగా కట్టిన పెట్టెలో చవక పదిహేనుకంటే లోతుకి దిగుతాయి. కాడికి కట్టే ఎడ్లు ఒక ఈడువీ ఒక జోడువీ అయి ఉండాలని మన రైతులు ఏనాడో అన్నారు. ఒంగోలు గిత్త పక్కన ఇంకేదో కడితే గిత్త బలం కూడా వృథాయే.

అక్కడే నున్నటి చిన్నపెట్టె ఒకటి చూపించి, "ఇది ఇంతే ఉంటుంది గాని 40 కంపనాల దాకా దిగుతుంది" అన్నాడు. దిగుతుంది, నిజమే. కాని మోత తక్కువ. అమెరికాలో 1957 లో కేఎల్‌హెచ్ అనే స్పీకర్ల కంపెనీ పెట్టిన ముగ్గురిలో ఆంటన్ హాఫ్‌మన్ ఒకడు. జగత్ప్రసిద్ధ పియానో విద్వాంసుడు జోసెఫ్ హాఫ్‌మన్ కొడుకు. ఆయన పేర ఒక ఉక్కు సూత్రం ఉంది. చిన్నపెట్టె, లోతైన ధ్వని, తక్కువ వాట్లకి ఎక్కువ మోత, ఈ మూడింట్లో రెండే దొరుకుతాయి, మూడోది వదులుకోవాలి. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే కుదరదన్నమాట. మాకు పెట్టె చిన్నదే కావాలి, మూడంతస్తులు ఎక్కాలి గనక. మోత కావాలి, ఉద్యోగం నిలవాలి గనక. ఇక వదులుకోవాల్సింది అట్టడుగు లోతు. అది వదులుకుంటే పెద్ద నష్టం లేదు. మనిషి చెవికి ఇంకో చమత్కారం ఉంది. 41 సరిగా వినపడకపోయినా దాని రెట్టింపు 82, మూడింతలు 123 వినపడితే చాలు, అడుగు స్వరాన్ని తనే పూరించుకుంటుంది. చాలా బాస్ పెట్టెల బతుకు ఈ దయ మీదే నడుస్తున్నది.

చివరికి తీసుకున్నది మా కాంబో చేసిన కంపెనీదే, అదే వరసలో పన్నెండంగుళాల విడిపెట్టె. 8 ఓములు, పద్నాలుగు కిలోలు, 38 వేలు. కొత్తదనం ఏమీ లేదు. ఉన్నదానికి కవలపిల్ల.

వాట్ల సంగతి ఒక్కమాట. 300 నుంచి 500 అంటే ఎంతో పెరిగినట్టు కనిపిస్తుంది గాని, చెవికి అది రెండు డెసిబెళ్ళ పైచిలుకే. వాట్లు రెండింతలు చేస్తే మూడు డెసిబెళ్ళు. చెవికి రెండింతలుగా తోచాలంటే పది డెసిబెళ్ళు, అంటే పదింతల వాట్లు కావాలి. లాభం అసలు రెండో అట్టలో ఉంది. ఒకేరకం అట్టలు రెండు పక్కపక్కన కలిసి కదిలితే లావుధ్వనుల్లో ఇంకో మూడు డెసిబెళ్ళు కలిసొస్తాయి. మొత్తం ఐదు. ఒక్క స్పీకరుతో ఆ ఐదూ రావాలంటే సుమారు వెయ్యి వాట్లు పోయాలి, పోస్తే అది చిరిగిపోతుంది. ఈ లెక్క తెలియక చాలామంది బాస్ మీటని ఆఖరిదాకా తిప్పుతారు. అక్కడ పది డెసిబెళ్ళు పెంచడమంటే ఆ స్వరాలకి పదింతల వాట్లు అడగడం. పిల్లచేత ఆ మీటని మధ్యకి తెప్పించి, నడిమి ధ్వనుల మీటని కొంచెం పెంచమన్నాను. ఇంట్లో వింటే గొంతు కాస్త గరుకుగా ఉంది. పందిట్లో డ్రమ్ముల మధ్య ఆ గరుకే దారి చేసుకుని బయటపడుతుంది.

మిగిలిన డబ్బులో మొదట కొన్నది స్పీకరు తీగె. గిటారుకి వాడే తీగె చూడ్డానికి అలాగే ఉంటుంది గాని, దాని లోపలి కండ వెంట్రుకంత. దాన్ని స్పీకరుకి పెడితే వేడెక్కి కరుగుతుంది. ఇళ్ళల్లో మోటారుకి లాగినట్టు లావుది కావాలి. రెండున్నర చదరపు మిల్లీమీటర్లది, మెలితిప్పితే బిగుసుకునే స్పీకాన్ తొడుగులతో తీసుకున్నాం. తర్వాత చెవుల్లో పెట్టుకునే బిరడాలు. మా చెల్లెలు ఒప్పుకున్నది ఈ షరతు మీదే. 85 డెసిబెళ్ళ మోతలో ఎనిమిది గంటలు ఉండొచ్చు, ఆపైన మూడేసి పెరిగినప్పుడల్లా ఆ వ్యవధి సగమవుతుందని అమెరికా వారి వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. ఆ లెక్కన వందకి పావుగంట. పెళ్ళి కచ్చేరీ మూడు గంటలు. మీ పిల్లలు ఏ వాద్యం వాయిస్తున్నా సరే, ఈ బిరడాలు మాత్రం కొనిపెట్టండి.

ఇంకొకటి కొనలేదు, తెప్పించాను. పందిళ్ళలో జనరేటరు నుంచి వచ్చే తీగెల్లో మూడో తీగె, అంటే ఎర్తు, తరచు ఉండదు. గుయ్యిమని మోత వస్తున్నదని ఎర్తు పిన్ను విరగ్గొట్టేసే మహానుభావులు కూడా ఉన్నారు. గిటారు తీగెలు యాంప్లిఫయరు ఎర్తుకే కలిసి ఉంటాయి. వాయించేవాళ్ళ చెయ్యి ఎప్పుడూ వాటిమీదే. 1972 మే నెలలో వేల్స్‌లోని స్వాన్సీలో లెస్ హార్వే అనే స్కాట్లండ్ గిటారు విద్వాంసుడు ఒక చెయ్యి తీగెల మీద ఉండగా ఎర్తు లేని మైకు ముట్టుకుని వేదిక మీదే ప్రాణం వదిలాడు. గుయ్యిమనే మోత పోవాలంటే మిక్సరుకి పోయే తీగె దగ్గర దానికని వేరే స్విచ్చి ఉంటుంది, అది నొక్కితే చాలు. కరెంటు ఎర్తు ముట్టుకోకూడదు. నా సర్వీసులో ఇలాంటి చావులకి రిపోర్టులు రాసినవాణ్ణి గనక ఈ విషయంలో నాది చాదస్తం అంటే ఒప్పుకుంటాను గాని మానను. మాస్టారి కరెంటు మనిషిని పిలిపించి, ఎర్తు కడ్డీ ఒకటి సామాన్లలో చేర్పించాను. టెస్టరు పిల్ల సంచీలో పెట్టాను.

"ఇంత శ్రమెందుకు సార్, బాస్‌ని మన మైకుల పెట్టెల్లోకే పంపిద్దాం గదా" అన్నాడు ఆ కరెంటు మనిషి. తెలివైన మాటే. పెద్ద పెళ్ళిళ్ళలో లావుధ్వనులకని పద్దెనిమిదంగుళాల స్పీకర్లు వేరే పెడతారు. అక్కడ కాంబో వెనకనుంచి తీగె లాగి మిక్సరుకి ఇస్తే చాలు, మన పెట్టె మనకి వినపడితే సరిపోతుంది. మాస్టారి దగ్గరున్నవి పాటకి పెట్టిన రెండు పెట్టెలు మాత్రమే. బాస్ కూడా అందులో పోస్తే పాడేవాడి గొంతు బురదయిపోతుంది. పెద్ద స్పీకర్లు అద్దెకి తెచ్చేంత బేరాలు ఏడాదికి నాలుగో ఐదో.

మాఘంలో మొదటి ముహూర్తం గుడివాడ దగ్గర. కొబ్బరితోటలో పందిరి. గోడన్నది కనుచూపుమేర లేదు. రెండు పెట్టెల్నీ పక్కపక్కన పెట్టబోతుంటే వద్దని ఒకదానిమీద ఒకటి నిలబెట్టించాను. పక్కపక్కన పెడితే సన్నధ్వనులు ఒకచోట వినపడి ఒకచోట పడవు. పైగా నేలమీదున్న పెట్టె వాయించేవాళ్ళ మోకాళ్ళకి వినిపిస్తుంది. మోకాళ్ళకి వినిపించి ఏం లాభం? రెండో అంతస్తులో ఉన్న అట్ట ఇప్పుడు పిల్ల నడుముని దాటింది. తను ఏం వాయిస్తున్నదో తనకే తెలియక మీటలు తిప్పే అవస్థ తప్పింది.

మొదటి రెండు పాటలకి మాస్టారు మమ్మల్ని చూడనే లేదు. మూడోది గీతాంజలి సినిమాలో పాట. 1989 లో వచ్చిన సినిమా అయినా ఇప్పటికీ పెళ్ళిళ్ళలో అడుగుతారు. ఇళయరాజా గారి పాటల్లో బాస్ గిటారు కింద కూర్చుని తాళం వెయ్యదు, పాటతో పాటు తనూ ఒక దారిలో నడుస్తుంది. కీబోర్డు కుర్రాడి ఎడమచెయ్యి ఆ దారిలో నడవాలంటే కుడిచెయ్యి ఆగాలి. మాస్టారు వేదిక దిగి, కుర్చీల మధ్యగా నడుచుకుంటూ, వంటవాళ్ళ పొయ్యిల దాకా పోయి నిలబడ్డాడు. పాట సగం దాకా అక్కడే ఉన్నాడు. తిరిగొస్తూ నా దగ్గర ఆగి, "పొయ్యి దగ్గరికి కూడా వస్తున్నది సార్" అన్నాడు. అంతే. పిల్లతో ఏమీ అనలేదు.

మా చెల్లెలు నాలుగో వరసలో కూర్చుని ఉంది. కూతురు వాయించే కచ్చేరీకి ఆవిడ రావడం అదే మొదలు. భోజనాల దగ్గర, "గుండెల్లో దడదడలాడినట్టుంది, అది మన పిల్లదేనా?" అని అడిగింది. అవునన్నాను. "అయితే అన్నయ్యా, ఇన్నాళ్ళూ దాన్ని వినపడకుండా ఎందుకు ఉంచారూ?" అని నామీదే విరుచుకుపడింది.

మాఘం, ఫాల్గుణం కలిపి పదకొండు బేరాలకి మాస్టారు పిల్ల పేరు రాసుకున్నాడు. రెండో పెట్టెకి ఆటో ఖర్చు విడిగా ఇమ్మంటే సగం ఇస్తానన్నాడు. మిగతా సగం కోసం బేరం ఇంకా నడుస్తున్నది.